బానెట్ మెల్లగా వేస్తే పడదు, పడితే లేవదు - లాక్ మార్చాల్సిందేనా?

పాతబండి_వాసు
1960ల నాటి సెలూన్ కారు. బానెట్ కీళ్లు వెనక అద్దం వైపు, లాక్ ముందు రేడియేటర్ మీది అడ్డపట్టీలో. బానెట్‌కి పిన్ను, పిన్ను చుట్టూ స్ప్రింగు. కింద జారే పలక ఉన్న లాక్. మూడు బాధలు. దబేలుమని వేస్తే గానీ పట్టుకోదు. పట్టుకున్నాక లోపలి నాబ్ (కేబుల్‌తో లాక్‌ని వదిలించేది) ఎంత లాగినా లేవదు, ఒకరు బయట నొక్కి పట్టుకుంటే ఇంకొకరు లాగాలి. 60 దాటితే బానెట్ మూలలు గడగడా వణుకుతాయి. లాక్ నిండా గ్రీజు కూరాను, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మామూలే. చూసినవాళ్లంతా లాక్ సెట్ మార్చెయ్యమంటున్నారు. మార్చాలా?

నట్టుబోల్టు
మార్చొద్దు. ముందు ఒక్క మాట చెప్పండి, సేఫ్టీ కొక్కెం పనిచేస్తోందా? నాబ్ లాగాక బానెట్ కాస్త లేచి, కొక్కేనికి తట్టుకుని ఆగాలి. వేళ్లు దూర్చి పైకి గుంజినా రాకూడదు. అది లేకుండా ఈ బండిని రోడ్డెక్కించకండి. వెనక కీళ్లున్న బానెట్ గాలికి లేచిందంటే నేరుగా అద్దం మీదికే వస్తుంది.

తుప్పుదొర
‘గ్రీజు కూరాను’ అన్నారు, ఏ గ్రీజు? చక్రాల బేరింగులకి పెట్టే చిక్కటిదైతే అది లాక్ కాదు, దుమ్ము పట్టే వల.

పాతబండి_వాసు
చక్రాలదే :( డబ్బాలో ఉన్నది పెట్టాను. కొక్కెం కదులుతోంది కానీ దానంతట అది వెనక్కి రావట్లేదు, వేలితో తోస్తే వస్తోంది.

నట్టుబోల్టు
అయితే మొదటి పని అదే. కొక్కెం తిరిగే రివెట్ దగ్గర తుప్పో రంగో పట్టేసి ఉంటుంది, లేదా దాని చిన్న స్ప్రింగు తెగి ఉంటుంది. కిరోసిన్ పోసి, కొక్కేన్ని అటూ ఇటూ ఊపుతూ నల్లటి మడ్డి రావడం ఆగేదాకా కడగండి. తర్వాత ఒక చుక్క ఇంజన్ ఆయిల్. తోసి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే స్ప్రింగు మార్చండి. రివెట్ వదులై కొక్కెం పక్కలకి వాలిపోతుంటే, అది అడ్డపట్టీ అంచు కిందికి దూరకుండా పక్కనుంచి జారిపోగలదు. అప్పుడు రివెట్ కూడా మార్చాలి.

రెంచిరాణి
లాక్, కేబుల్, పిన్ను, ఈ మూడింటినీ విడదీసి చూడకుండా ఏదీ కొనకండి. తేలికైన పద్ధతి ఇది:

బానెట్ ఎత్తి ఊతకర్ర పెట్టండి. పిన్ను బయటికి ఎంత పొడవుందో స్కేలుతో కొలిచి రాసుకోండి (పిన్నుని తిరగకుండా పట్టే లాక్‌నట్టు అంచు నుంచి పిన్ను మొన దాకా). లాక్‌నట్టు వదులు చేసి పిన్ను విప్పండి. ఇప్పుడు ఆ పిన్నుని చేత్తో నిలువుగా లాక్ రంధ్రంలోకి నొక్కండి. టక్కుమని పట్టుకుని, లాగితే రాకపోతే లాక్ మంచిదే. ఆ తర్వాత లోపలికెళ్లి నాబ్ లాగమనండి. పిన్ను వదిలిందా, కేబుల్ మంచిది. లాగినా వదల్లేదా, లాక్ దగ్గరున్న కేబుల్ చివరని చేత్తో లాగి చూడండి. అలా వదిలితే తప్పు కేబుల్‌ది. అలా కూడా వదలకపోతే తప్పు పలకది.

చేత్తో చేసినప్పుడు అన్నీ బాగుండి, బానెట్ వేస్తే మాత్రం పడట్లేదంటే లాక్‌నీ కేబుల్‌నీ వదిలేయండి. పిన్ను రంధ్రం మధ్యలోకి దిగట్లేదు, అంతే.

గేరుబాక్స్_గోపి
పిన్ను విప్పడం ఎందుకు, స్క్రూడ్రైవర్ దూరిస్తే తెలిసిపోదా?

రెంచిరాణి
అది పంజా రకం లాచ్‌కి. అందులో తిరిగే కొక్కెం దేన్నైనా చుట్టేస్తుంది, స్క్రూడ్రైవర్ కాడ సరిపోతుంది. వాసు గారిది జారే పలక. పిన్నుకి మెడ దగ్గర గాడి ఉంటుంది, పలక అంచు ఆ గాడిలో కూర్చోవాలి. నున్నటి కాడకి గాడేదీ? పట్టుకోదు, మీరు లాక్ పోయిందనుకుంటారు.

స్పానర్‌శాస్త్రి
రాణి గారి పరీక్ష సరైనదే గానీ నేను ఇంకో కొసనుంచి మొదలుపెడతాను. మూడో బాధ మీద ఎవరూ మాట్లాడలేదు. మూలలు వణకడం. లాక్ మధ్యలో ఒక్కచోటే పట్టుకుంటుంది. మూలల్ని ఆపేది లాక్ కాదు, రెండు పక్కలా ఉండే రబ్బరు బఫర్లు. ఇన్నేళ్లకి అవి రాయిలా గట్టిపడి, అరిగి, కుంగి ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు ఏం చేస్తారు? వణుకు ఆగాలని పిన్నుని లోపలికి తిప్పి పొట్టి చేస్తారు. బానెట్ మధ్యలో కిందికి బిగుసుకుంటుంది. కాసేపు వణుకు తగ్గుతుంది. కానీ ఇక అక్కడినుంచి దబేలుమని వేస్తే గానీ పడదు. పడ్డాక పిన్ను పలకని పైకి ఎంత బలంగా ఈడుస్తుందంటే, ఆ రాపిడికి కేబుల్ చాలదు. ‘ఒకరు నొక్కితే గానీ లేవదు’ అంటే ఇదే. నొక్కినప్పుడు పలక మీద ఆ ఈడ్పు తగ్గుతుంది, పలక జారుతుంది.

మూడు బాధలూ ఒక్కటే. బఫర్లు చేయాల్సిన పని పిన్ను నెత్తిన పెట్టారు.

తుప్పుదొర
శాస్త్రి గారు ఫొటో కూడా చూడకుండా జాతకం చెప్పేశారు.

స్పానర్‌శాస్త్రి
జాతకం కాదు, లెక్క. బఫర్ల మీద కాగితం ముక్క పెట్టి బానెట్ వేసి లాగమనండి. సర్రున వచ్చేస్తే నేను చెప్పింది నిజం.

గేరుబాక్స్_గోపి
అయితే పిన్ను బిగిస్తే వదులవుతుందా, వదులు చేస్తే బిగుస్తుందా? నాకు తల తిరుగుతోంది.

రెంచిరాణి
‘బిగించడం’ అన్న మాట పక్కన పెట్టండి, పొడవు చూడండి. పిన్ను బయటికి పొడుగ్గా ఉంటే బానెట్ ఎత్తుగా నిలుస్తుంది, వదులుగా ఉంటుంది. పొట్టిగా ఉంటే బానెట్ కిందికి దిగుతుంది, బిగువుగా ఉంటుంది. పిన్ను కొసన స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది, లాక్‌నట్టుని పానాతో వదులు చేసి దాన్ని తిప్పాలి. ఒక్కసారికి అర చుట్టు మించొద్దు. మర 8 మిమీ మెట్రిక్ అయితే మామూలుగా ఒక చుట్టుకి 1.25 మిమీ కదులుతుంది. 5/16 అంగుళాల సన్నమర అయితే అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకి 1 మిమీ పైచిలుకు. అర చుట్టు అంటే అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. బానెట్‌కి అదే చాలా తేడా.

పాతబండి_వాసు
కాగితం సర్రున వచ్చేసింది, రెండు పక్కలా. పిన్ను విప్పి చేత్తో నొక్కితే లాక్ చక్కగా పట్టుకుంది. నాబ్ లాగితే మాత్రం పలక సగమే కదులుతోంది. ఒకసారి వదిలింది, ఒకసారి వదల్లేదు. కేబుల్ చివర చేత్తో లాగితే ప్రతిసారీ వదులుతోంది.

స్పానర్‌శాస్త్రి
:)

నట్టుబోల్టు
శాస్త్రి గారూ, సగమే గెలిచారు. కేబుల్ కూడా ఉంది కేసులో.

వాసు గారూ, ఒకరు నాబ్ లాగుతుంటే మీరు లాక్ దగ్గర కేబుల్ పైతొడుగు చూడండి. లోపలి తీగ మాత్రమే కదలాలి. పైతొడుగు కూడా తీగతో పాటు పాకుతోందా?

పాతబండి_వాసు
పాకుతోంది! క్లిప్పులోంచి వేలెడంత లోపలికి పోయి మళ్లీ వస్తోంది.

నట్టుబోల్టు
దొరికింది. ఈ కేబుల్ పనిచేసేదే పైతొడుగు రెండు కొసలూ కదలకుండా నిలబడడం వల్ల. నాబ్ దగ్గర ఒక నట్టు, లాక్ దగ్గర ఒక క్లిప్పు దాన్ని పట్టుకుంటాయి. ఒక కొస వదిలేస్తే, మీరు లాగిన లాగుడంతా తొడుగు వంపు సరిచేసుకోవడానికే పోతుంది, పలకదాకా రాదు. క్లిప్పు వెడల్పయి ఉంటుంది. కొత్త క్లిప్పు వేయండి, లేదా తొడుగు చుట్టూ పల్చటి రేకు ముక్క చుట్టి స్క్రూ బిగించండి. గట్టిగా బిగించి తొడుగు నలిపేస్తే లోపల తీగ ఇరుక్కుంటుంది, చూసుకోండి.

నడిమధ్యలో కూడా రెండు మూడు చోట్ల క్లిప్పులుండాలి. ఎగ్జాస్ట్ దగ్గరికి పోకూడదు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్యగోడ దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే వలయం) ఉండాలి, లేకపోతే రేకు అంచు తొడుగుని కోస్తుంది.

గేరుబాక్స్_గోపి
అంత పాత కేబుల్‌ని బతికించడం ఎందుకు? సైకిల్ బ్రేకు కేబుల్ వేసేయండి, అయిపోతుంది.

తుప్పుదొర
పనిచేస్తుంది, కానీ బ్రేకుదే. గేరుది కాదు. గేరు తీగ సన్నం, 1.1-1.2 మిమీ. బ్రేకు తీగ 1.5-1.6 మిమీ. తొడుగు సంగతి ఇంకా ముఖ్యం. గేరు తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా లాగితే విడిపోగలవు. బ్రేకు తొడుగులో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, బలం తట్టుకుంటుంది.

రెంచిరాణి
దొర గారి మాటకి ఒక చేర్పు. కొన్ని పాత బళ్లలో ఒంటితీగ ఉంటుంది, బిరుసుగా. అది లాగడమే కాదు, కొంచెం తోస్తుంది కూడా. పలక వెనక్కి వెళ్లడానికి ఆ తోపు ఎంతో కొంత సాయం. సైకిల్ తీగ పేనినది, లాగుతుంది గానీ తోయదు. కాబట్టి ఆ తీగ వేస్తే పలక రిటర్న్ స్ప్రింగు ఒంటిచేత్తో పని చేయాలి. స్ప్రింగు సాగి ఉంటే పలక సగంలో ఆగుతుంది, పిన్ను సగమే పట్టుకుంటుంది. బయటికి మూసినట్టే కనిపిస్తుంది. గుంతలో పడ్డప్పుడు వదిలేస్తుంది.

గేరుబాక్స్_గోపి
అయితే ఒంటితీగే వేద్దాం, పంచాయితీ ఉండదు.

రెంచిరాణి
ఒంటితీగకి వంపు నచ్చదు. ఒకసారి మడతపడితే మళ్లీ సాఫీ కాదు, ఆ మడత దగ్గరే తెగుతుంది. దారిలో వంపులెక్కువుంటే పేనిన తీగే మేలు, కాకపోతే కొత్త రిటర్న్ స్ప్రింగుతో. ఏది వేసినా వంపులు వెడల్పుగా ఉండాలి. టీ కప్పు సాసర్ గుండ్రం కంటే బిగువుగా తిప్పితే రాపిడి పెరుగుతుంది.

కోసే ముందు ఒక సంగతి. పేనిన తీగని మామూలు కటింగ్ ప్లేయరుతో కోస్తే కొస చీపురైపోతుంది, ఇక బిగింపు రంధ్రంలోకి దూరదు. కోసే చోట ముందే సోల్డర్ చేసి, సోల్డర్ మధ్యలో కోయండి. స్టెయిన్‌లెస్ తీగైతే మామూలు ఫ్లక్సుతో (సోల్డర్ అంటడానికి పూసేది) సోల్డర్ అంటదు, ఆసిడ్ ఫ్లక్సు కావాలి. పని అయ్యాక ఆ ఆసిడ్ నీళ్లతో కడిగేయాలి, లేకపోతే చుట్టుపక్కల ఇనుమంతా తుప్పు.

నట్టుబోల్టు
తీగ బిగించేటప్పుడు మరీ ముఖ్యమైనది: నాబ్ పూర్తిగా లోపలికి తోసి, పలక పూర్తిగా మూసిన స్థితిలో ఉండగా, తీగలో 2-3 మిమీ వదులు మిగలాలి. చాలామంది ‘బిగువుగా ఉంటే బాగా లాగుతుంది’ అని సర్రున లాగి బిగిస్తారు. అప్పుడు పలక ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉంటుంది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగినప్పుడు కేబుల్ దేనికైనా తగులుకుంటే అంతే సంగతులు.

కార్బ్_కాకి
డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టండి, ఈ గొడవలన్నీ పోతాయి.

తుప్పుదొర
వచ్చాడండీ! దాన్ని కడగడానికి వాడండి, నూనెగా కాదు. తేమని తరుముతుంది, బిగుసుకున్నదాన్ని కదిలిస్తుంది, ఆ తర్వాత చాలావరకు ఆవిరైపోతుంది. మిగిలే పొర పల్చన. లాక్ పలకకి వైట్ లిథియం గ్రీజు, అదీ గోటితో పూసినంత. పలక అంచుకీ, పిన్ను మొనకీ, పలక జారే రెండు గాడులకీ. ఇక చాలు.

కార్బ్_కాకి
నాది కడిగి అయిదేళ్లు, ఇంకా పని చేస్తోంది మరి.

తుప్పుదొర
కాకి బండి కదా, అది లోకాతీతం.

పాతబండి_వాసు
కేబుల్ తొడుగు లోపల ఏం వేయాలి? గ్రీజా, ఆయిలా?

రెంచిరాణి
తొడుగు ఏ రకమో దాన్ని బట్టి. పాతకాలపు వట్టి ఇనుప చుట్ట అయితే పల్చటి ఆయిల్. కేబుల్ కొస పైకెత్తి, చిన్న ప్లాస్టిక్ సంచీ మూలని కొసకి కట్టి అందులో ఆయిల్ పోసి వేలాడదీయండి, రాత్రంతా అదే దిగుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కొత్త రకమైతే ఏమీ అవసరం లేదు. చిక్కటి గ్రీజు పెడితే చలికి గట్టిపడి పలక వెనక్కి రావడమే నెమ్మదిస్తుంది.

డైనమో_దీప
మధ్యలో దూరుతున్నా. నా కేబుల్ నాబ్ దగ్గర తెగిపోయింది, బానెట్ మూసే ఉంది, బ్యాటరీ లోపలే. ఏం చేయాలి?? లాక్ వాసు గారి లాంటిదే.

నట్టుబోల్టు
రాడ్ పెట్టి బానెట్ అంచుని పెకలించకండి, అదొక్కటీ చేయకండి. రేకు వంగితే లాక్ కంటే పెద్ద ఖర్చు.

నాబ్ దగ్గరే తెగింది అంటే తొడుగులో తీగ ఇంకా ఉంది. నాబ్ విప్పి, తొడుగు కొసని నాలుగైదు సెంటీమీటర్లు జాగ్రత్తగా కోసి వెనక్కి లాగితే తీగ బయటపడుతుంది. దాన్ని లాకింగ్ ప్లేయరుతో కరిపించి పట్టుకోండి. ఒకరు సరిగ్గా లాక్ పైన రెండు అరచేతులు పరిచి నొక్కాలి, మీరు తొడుగుని ఒక చేత్తో ముందుకి ఆనించి తీగని లాగాలి. తొడుగుని ఆనించకపోతే వాసు గారి కథే మళ్లీ.

డైనమో_దీప
లాగా, తీగ చేతికి వచ్చేస్తోంది, అవతల ఏమీ లేదు. లాక్ దగ్గర కూడా ఊడినట్టుంది.

స్పానర్‌శాస్త్రి
అయితే గ్రిల్ వైపు నుంచి. పలక ఏ దిక్కుకి జారితే వదులుతుందో ముందు తెలుసుకోవాలి. వాసు గారూ, మీ బండిలో ఏ పక్కకి?

పాతబండి_వాసు
లాక్‌కి ఎదురుగా నిలబడి చూస్తే కుడికి. కేబుల్ ఆ పక్క నుంచే వస్తుంది.

స్పానర్‌శాస్త్రి
ఎప్పుడూ కేబుల్ వచ్చే దిక్కుకే పలక జారాలి, దీప గారి బండిలో కేబుల్ ఎటునుంచి వస్తుందో గుర్తుచేసుకోండి. టార్చి, కొస కాస్త వంచిన గట్టి తీగ (గొడుగు పుల్ల మందం). గ్రిల్ సందుల్లోంచి గానీ, కింద బంపరుకీ రేడియేటరుకీ మధ్యనుంచి గానీ పోనివ్వండి. పలకకి కేబుల్ బిగించే చెవి ఉంటుంది, దాన్ని తగిలించి ఆ దిక్కుకి లాగాలి. పైన ఒకరు నొక్కి పట్టుకోవాల్సిందే. రేడియేటర్ గొట్టాలకి తీగ మొన తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టండి. ఇంజన్ చల్లగా ఉండాలి. బండి కిందికి దూరాల్సొస్తే స్టాండ్ల మీద నిలిపాకే, ఒట్టి జాకీని నమ్మొద్దు.

రెంచిరాణి
గ్రిల్ స్క్రూలు బయటినుంచి ఉంటే ముందు అది విప్పేయండి, సగం కష్టం తగ్గుతుంది.

డైనమో_దీప
లేచింది!! గ్రిల్ తీశాక అయిదు నిమిషాల పని. చెవి దగ్గర స్క్రూ ఊడి పడిపోయి ఉంది.

నట్టుబోల్టు
కొత్త స్క్రూతో పాటు ఒక రెండో తీగ కూడా వేసుకోండి. అదే చెవికి ముడివేసి, గ్రిల్ వెనకో చక్రం తొడుగు లోపలో, వెతికితే గానీ దొరకని చోట చిన్న ఉంగరంతో వదిలేయాలి.

తుప్పుదొర
దొంగకి కూడా వెతికితే దొరుకుతుందిగా.

నట్టుబోల్టు
దొరుకుతుంది, అందుకే గ్రిల్‌లోంచి వేలాడదీయొద్దు. ఆ తీగ వదులుగా ఉండాలి, ఫ్యాన్‌కీ బెల్టుకీ అందకూడదు. నేను ఉండాలనే అంటాను.

కార్బ్_కాకి
ముందు కీళ్లుండి వెనకనుంచి లేచే బానెట్‌లకి ఈ సేఫ్టీ కొక్కెం గోలే లేదు కదా? గాలి తోసి మూసేస్తుంది.

స్పానర్‌శాస్త్రి
చాలావరకు నిజం. జాగ్వార్ ఈ-టైపులో బానెట్ మొత్తం ముందుకి వాలుతుంది. అమెరికా భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 113 కూడా ఇదే తేడా చూస్తుంది. ముందునుంచి తెరుచుకునేది, తెరుచుకుంటే డ్రైవరు చూపుకి అడ్డొచ్చేది అయితే రెండో పట్టు తప్పనిసరి. కానీ ముందు కీళ్ల బళ్లలో లాక్ అద్దం కింద ఉంటుంది, కేబుల్ తెగితే దీప గారిలా గ్రిల్ తీసి చేయిపెట్టే వీలు లేదు. రెండో తీగ వాటికే ఎక్కువ అవసరం.

పాతబండి_వాసు
కేబుల్ క్లిప్పు మార్చాను, నాబ్‌తో ఇప్పుడు పలక పూర్తిగా కదులుతోంది. కొక్కెం కడిగితే టక్కున వస్తోంది. బఫర్లు కొత్తవి తెచ్చాను. ఇప్పుడు ఏది ముందు, ఏది తర్వాత?

స్పానర్‌శాస్త్రి
కీళ్లు, బఫర్లు, పిన్ను. ఈ వరసే.

పిన్ను విప్పేసి ఉంచండి, లాక్‌తో పని లేకుండా బానెట్ వేసి చూడాలి. రెండు ఫెండర్ల (ముందు చక్రాల పైరేకుల) దగ్గర సందు, వెనక సందు సమానంగా ఉందా? లేకపోతే కీళ్ల బోల్టులు కాస్త వదులు చేసి సర్దాలి. వదులు చేసే ముందు కీలు చుట్టూ పెన్సిలుతో గీత గీయండి, పాత చోటు తెలుస్తుంది. బోల్టులన్నీ ఒకేసారి వదలొద్దు, బానెట్ జారి అద్దం కిందిరేకుని గీకుతుంది. మూలకి పాత గుడ్డ పెట్టండి.

తర్వాత బఫర్లు. లాక్ లేకుండా, బానెట్ తన బరువుతో వాటి మీద కూర్చున్నప్పుడు ఫెండర్ల కంటే 1-2 మిమీ ఎత్తుగా ఉండాలి. లాక్ పడ్డాక ఆ కాస్తా కిందికి దిగి రబ్బరు నొక్కుకుంటుంది.

చివర పిన్ను. పొడవుగా మొదలుపెట్టండి, పొట్టిగా కాదు. పొట్టిగా మొదలెట్టి పట్టుకుంటే తీయడం కష్టం. పిన్ను మొనకి కాస్త గ్రీజు పూసి, బానెట్‌ని లాక్ తగిలేదాకా దించి ఎత్తండి, మచ్చ ఎక్కడ పడిందో కనిపిస్తుంది. రంధ్రం అంచున పడితే లాక్ బోల్టులు వదులు చేసి ఆ పక్కకి జరపండి. మధ్యలో పడ్డాకే పొడవు అర చుట్టు చొప్పున తగ్గించుకుంటూ రండి. కాగితం బఫర్ల దగ్గర గట్టిగా లాగితే గానీ రాని స్థితిలో ఆపండి. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూడ్రైవరుతో పిన్ను తిరగకుండా పట్టుకోవాలి.

రెంచిరాణి
మొదటిసారి పూర్తిగా మూసే ముందు లోపల నాబ్ దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. గ్రిల్ కూడా విప్పే ఉంచండి.

పాతబండి_వాసు
పడుతోంది, లేస్తోంది, ఒక్క చేత్తో! వణుకూ లేదు. ఒకటే మిగిలింది. నాబ్ లాగితే లాక్ వదులుతుంది గానీ బానెట్ వేలు దూరేంత పైకి లేవట్లేదు.

నట్టుబోల్టు
పిన్ను చుట్టూ ఉన్న స్ప్రింగు కుంగింది. వదలగానే రెండు మూడు సెంటీమీటర్లు ఎగదోయాలి. కొత్తది వేయండి. తాత్కాలికంగా స్ప్రింగు పైన ఒక మందపు వాషరు వేస్తే సరిపోతుంది.

రెంచిరాణి
వాషరు వేస్తే ఒకటి చూసుకోండి. మూసినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి పూర్తిగా తగులుకోకూడదు. తగులుకుంటే అది స్ప్రింగు కాదు, ఇనుప గొట్టం. ఇక పిన్ను గాడిదాకా దిగదు, మళ్లీ దబేలుమని వేయడం మొదలు. కొత్త స్ప్రింగు కొనేటప్పుడు కూడా అంతే, పొడవొకటే చూడకండి, తీగ మందమూ పాతదానంతే ఉండాలి.

తుప్పుదొర
పలక అంచు కూడా ఒకసారి వేలితో తడమండి. పిన్ను తగిలే చోట గుండ్రంగా అరిగి ఉంటే ఆకురాయితో పదును తేవడం కుదరదు, రాస్తే ఇంకా తగ్గుతుంది. పలక విప్పి, స్ప్రింగు తీసేసి, అంచు మీద వెల్డింగు పోసి రాయించాలి. స్ప్రింగు ఉండగా వేడి తగిలితే దాని బిరుసు పోతుంది.

పాతబండి_వాసు
అంచు పదునుగానే ఉంది. వాషరు వేశాను, చుట్ల మధ్య ఇంకా సందు ఉంది, వేలు దూరుతోంది. కొత్త స్ప్రింగు వచ్చేదాకా ఇలాగే నడుపుతా.

కార్బ్_కాకి
మరి ఆ చక్రాల గ్రీజు ఏం చేశారు?

పాతబండి_వాసు
చక్రాలకే పెట్టాను.